బండి పేరు వేరు, ఇంజను పేరు వేరు

మిల్వాకీ,
వైశాఖ మాసము.

చిరంజీవి మేనల్లునకు మామయ్య శుభాశీస్సులతో వ్రాయునది.

నీ ఉత్తరమును, దానితో నీవు పంపిన ఛాయాచిత్రమును చేరినవి. ఓహాయోలోని కొలంబస్ నగరమునకు వెలుపల ఎకరము నేలతో ఇల్లు కొంటివనియు, ఆ నేలలో అధికభాగము పచ్చికయే యగుటచేత చేతితో త్రోయు చిన్న యంత్రము చాలదని తలచి, ఊరు విడిచిపోవుచున్న యొక పెద్దమనిషివద్ద ఎక్కి నడుపు గడ్డికోత బండిని సరసమైన వెలకు తీసికొంటివనియు తెలిసి సంతసించితిని. అది ఏప్రిల్ మాసమంతయు చక్కగా నడచి, ఇప్పుడు తాళము త్రిప్పగనే ఒక మూలుగు మూలిగి, సగము చుట్టు తిరిగి నిలిచిపోవుచున్నదనియు, కొత్త బ్యాటరీ వేసినను గుణము కానరాలేదనియు, ఇక స్టార్టరును మార్చుట యొక్కటే శరణ్యమని తోచుచున్నదనియు వ్రాసి, ఏ స్టార్టరు కొనవలయునో చెప్పుమని అడిగితివి. నీవు కొనదలచిన ఆ వస్తువు నీకు అక్కరలేకపోవచ్చునని నా అనుమానము. ఆ అనుమానమునకు కారణము చెప్పవలెనన్నచో మొదట నీ బండిలోనున్న ఇంజను ఏదియో తెలియవలయును. నీవు పంపిన చిత్రములో అది తప్ప తక్కినదంతయు ఉన్నది.

బానెట్‌పై పెద్ద అక్షరములతో వ్రాసియున్న పేరును చూచి, అదియే ఇంజను పేరని నీవనుకొంటివి. ఈ దేశములో కొత్తగా ఇల్లు కొన్నవారిలో పలువురు ఇట్లే అనుకొందురు. క్రాఫ్ట్స్‌మన్, హస్క్‌వర్నా, జాన్ డియర్, కబ్ కడెట్, టోరో అను పేర్లు బండికి సంబంధించినవి. చట్రము, చక్రములు, కోత పళ్లెము, ఆసనము ఆ పేరుతో అమ్మబడును. ఇంజను మాత్రము ప్రాయికముగా వేరొకరిది. ఒకే పేరు గల బండిలో ఒక యేడు బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వారి ఇంజను, మరొక యేడు కోలర్ వారిది, వేరొక తరగతిలో కవాసాకి వారిది అమర్చుట వాడుకలోనున్న విషయమే. కావున బండి పేరు చెప్పి ఇంజను భాగమును అడిగినవానికి దుకాణములో దొరకునది ఒక ఊహ మాత్రమే. ఆ ఊహ తప్పినప్పుడు నష్టము కొన్నవానిదే.

ఈ ఇంజనుల చరిత్రలో చాలభాగము నేను నివసించు ఈ రాష్ట్రములోనే జరిగినదని చెప్పుటకు నాకు ఆనందముగానున్నది. స్టీఫెన్ ఫాస్టర్ బ్రిగ్స్, హెరాల్డ్ స్ట్రాటన్ అను ఇరువురు 1908లో ఈ మిల్వాకీ నగరములోనే తమ సంస్థను స్థాపించి, మొదట మోటారు కార్లకు కావలసిన విద్యుద్భాగములను చేసి, పిదప చిన్న ఇంజనులవైపు మరలిరి. 1953లో వారు తేలికైన అల్యూమినియముతో పోతపోసిన ఇంజనును వెలువరించిన తరువాత, యంత్రముతో పచ్చిక కోయుట అమెరికాలోని సామాన్య గృహస్థులలో మరింత వ్యాపించినది. అంతకుముందు ఇనుపపోత ఇంజనుల బరువు మోయుట కష్టముగా నుండెను. మా ఊరికి ఉత్తరముగా ఒక గంట ప్రయాణములో కోలర్ అను గ్రామము కలదు. స్నానపు తొట్లకును కుళాయిలకును ప్రసిద్ధి చెందిన అచ్చటి కోలర్ సంస్థయే ఆ పేరిటి ఇంజనులను కూడ ప్రపంచమునకు పరిచయము చేసినది. టెకమ్సే అను మరియొక పేరు పాత బండ్లపై నీకు కనబడవచ్చును; వారు ఇంజనులు చేయుట మానివేసి చాలకాలమైనది గనుక, అట్టి ఇంజనుకు భాగములు వెదకుట శ్రమతో కూడిన పని. నీ చిత్రములో ఫ్యాను కప్పుపై 17.5 అను అంకె లీలగా కనబడుచున్నది. అది అశ్వశక్తి. దానినిబట్టి నీది ఒంటి సిలిండరు ఇంజనని తలపవచ్చును గాని, తలపును ఆధారముగా జేసికొని ధనము వ్యయపరుపరాదు.

ఇంజను జన్మపత్రము దాని ఒంటిమీదనే చెక్కబడియుండును. బానెట్ ఎత్తి, ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట, స్పార్కు ప్లగ్గునకు పైనున్న రేకుమీదను, వాల్వు కవరుమీదను, ఫ్యాను కప్పు అంచుమీదను వెదకుము. జిడ్డును గడ్డిపొట్టును పేరుకొనియుండుటచేత మొదట ఏమియు కనబడదు. గుడ్డతో తుడిచి, ఎదురుగాగాక ప్రక్కనుండి ఏటవాలుగా టార్చిలైటు వేసినచో, లోహములో అదిమిన అంకెలు నీడలతో తేలివచ్చును. అప్పటికిని తెలియకున్నచో పలుచని కాగితమును వానిపై నుంచి పెన్సిలుతో మెల్లగా రుద్దుము. బ్రిగ్స్ ఇంజనైనచో మోడలు, టైపు, కోడు అను మూడు సంఖ్యలు వరుసగా నుండును. మూడింటిని, ఒక్క అంకెయు విడువక, వ్రాసికొనవలయును.

ఆ సంఖ్యలు ఊరక వేసినవి కావు. చదువ నేర్చినవానికి అవి చాల సంగతులు చెప్పును. నీవంటివారి బండ్లలో తరచుగా కనబడు 31సి707 అను మోడలునే తీసికొందము. మొదటి 31 సిలిండరు ఘనపరిమాణమును ఘనాంగుళములలో తెలుపును. అనగా సుమారు 500 ఘన సెంటీమీటర్లు. తరువాతి అక్షరము రూపకల్పనాశ్రేణికి గుర్తు. ఆ పిమ్మటి 7 క్రాంకు షాఫ్టు నిలువుగానున్నదని చెప్పును. ఆ స్థానములో 0 మొదలు 4 వరకు గల అంకె యున్నచో షాఫ్టు అడ్డముగానున్నదని అర్థము. నడుమనున్న సున్న బేరింగు తరహాను, చివరి 7 విద్యుత్తుతో తిరుగు స్టార్టరును, బ్యాటరీని నింపు ఆల్టర్నేటరును కలవని తెలుపును. కోడు అనునది పుట్టినతేది: 050321 అని మొదలైనచో ఆ ఇంజను 2005వ సంవత్సరము మార్చి 21వ తేదీన తయారైనది. టైపు సంఖ్యను మాత్రము తేలికగా చూడకుము. ఒకే మోడలులో టైపు మారినచో కార్బురేటరు మారవచ్చును, స్టార్టరు పండ్లచక్రము మారవచ్చును. కోలర్ ఇంజనులలో మోడలుతోపాటు స్పెక్ అను సంఖ్యయు, సీరియలు సంఖ్యయు ఉండును, సి.వి. 15 అని యున్నచో కమాండ్ శ్రేణి, నిలువు షాఫ్టు, 15 అశ్వశక్తులని గ్రహింపవలయును. అక్కడ భాగమును నిర్ణయించునది స్పెక్ సంఖ్యయే.

ఇవికాక, ఆసనము క్రిందనో చట్రముపైననో అతికించిన రేకుమీద వేరొక మోడలు సంఖ్య నీకు కనబడును. అది బండిది. బెల్టులు, బ్లేడులు, చక్రముల బేరింగులు కొనునప్పుడు అదియే ప్రమాణము. ఫిల్టరు, ప్లగ్గు, గాస్కెట్ కొనునప్పుడు దానితో పనిలేదు. ఒక చిన్న నోటుపుస్తకమును తెరచి, మొదటి పుటలో ఈ రెండు జాతుల సంఖ్యలను వేరువేరుగా వ్రాసి, తరువాతి పుటలనుండి ఏ దినమున ఆయిలు మార్చితివో, అప్పటికి గంటల మీటరు ఎంత చూపుచుండెనో వ్రాయుచుండుము. ఇంజను సంఖ్య తెలిసినచో దాని నిర్మాతల కరదీపిక మూల్యము లేకయే లభించును. అందులోని మాట నా మాటకు భిన్నముగా నున్నచో కరదీపిక మాటనే పాటింపుము. ఒక్కొక్క ఇంజనుకు కొలతలు వేరు.

ఇక నీ బండి రోగము మాట. తాళము త్రిప్పినప్పుడు ఇంజను సగము తిరిగి, గోడకు తగిలినట్లు ఆగిపోవుట ఈ తరగతి ఇంజనులలో మిక్కిలి ప్రసిద్ధమైన లక్షణము. దీనిని చూచి బ్యాటరీ మార్చినవారును, ఆ పిమ్మట స్టార్టరు మార్చినవారును, అప్పటికిని గుణము కనబడక బండినే పారవేసినవారును కలరు. కారణము వేరొకచోట నుండును. 500 ఘన సెంటీమీటర్ల గాలిని ఒంటి పిస్టన్ పూర్తిగా అదిమి పైకి పోవలెనన్నచో చిన్న బ్యాటరీకిని చిన్న స్టార్టరుకును అంత బలము చాలదు. అందుచేత నిర్మాతలు కామ్ షాఫ్టుపై మిక్కిలి స్వల్పమైన మిట్టనొకదాని నుంచి, ఇంజను మెల్లగా తిరుగు ఆ ఆరంభసమయమున ఒక వాల్వు రవ్వంత తెరచుకొని కొంత గాలి బయటికి పోవునట్లు ఏర్పరచిరి. ఆ మిట్ట యెత్తు అత్యల్పము. వాల్వు కాడకును దానిని నొక్కు రాకర్ ఆర్మ్‌కును నడుమనుండు సందు, వాడుకచేత అరిగి పెరిగినచో, మిట్ట ఆ సందును పూరించుటతోనే సరిపోవును, వాల్వు తెరచుకొనదు. అప్పుడు గాలి యంతయు లోపలనే నిలిచి, పిస్టన్‌ను ఎదిరించి, స్టార్టరును నిలువరించును. నీకు కావలసినది స్టార్టరు కాకపోవచ్చునని నేను మొదటనే వ్రాయుటకు ఇదియే హేతువు.

అయినను తొందరపడి వాల్వులమీదికి పోవలదు. మొదట బ్యాటరీ తీగల కొనలను విప్పి, తుప్పును గీకి, మరల బిగించి చూడుము. చట్రమునకు తగిలియుండు నల్లతీగ కొనను మరువకుము. పూర్తిగా నిండిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపవలయును. తరువాత ప్లగ్గును ఊడదీసి, ఫ్లైవీలును చేతితో త్రిప్పి చూడుము. ప్లగ్గు రంధ్రమునుండి పెట్రోలు చిమ్మినచో అది వేరు వ్యాధి: కార్బురేటరులోని తేలెడు బుడ్డి సూది మూసికొనక, రాత్రియంతయు ఇంధనము సిలిండరులోనికి దిగినదన్నమాట. అట్టి స్థితిలో ఆయిలు కొలతకాడను తీసి వాసన చూచినచో పెట్రోలు వాసన వచ్చును. ఆ కల్తీ ఆయిలును పూర్తిగా మార్చనిదే ఇంజనును క్షణకాలమైనను నడుపరాదు. అట్లుగాక ఫ్లైవీలు సులభముగా తిరిగి, ఏమియు చిమ్మకున్నచో, వాల్వుల సందును కొలువుము.

అందుకు ఇంజను చల్లగా నుండవలయును. వాల్వు కవరు మరలు విప్పి, రెండు వాల్వులును మూసికొనియుండు కంప్రెషను ఘట్టమునకు పిస్టన్‌ను పైకి తెచ్చి, అచ్చటినుండి మరి పాతిక అంగుళము క్రిందికి దిగునట్లు ఫ్లైవీలును త్రిప్పుము. నేను చెప్పిన ఆ మిట్ట కొలతకు అడ్డురాకుండుటకే ఈ పాతిక అంగుళము. ప్లగ్గు రంధ్రములో మెత్తని చెక్కపుల్లనుంచి పిస్టన్ దిగుటను కనిపెట్టవచ్చును; లోహపు కడ్డీ నుంచకుము. ఆ 31 శ్రేణిలో, కార్బురేటరు వైపునుండు లోనికి పీల్చు వాల్వుకు 0.003 మొదలు 0.005 అంగుళములు, సైలెన్సరు వైపునుండు వెలికి పంపు వాల్వుకు 0.005 మొదలు 0.007 అంగుళములు సందు ఉండవలయును. ఫీలరు గేజి రేకు ఆ సందులో కొంచెము పట్టి లాగినట్లు జారవలెను. సరిచేసి, లోపలి బిగింపు మరను గట్టిగా త్రిప్పి, ఇంజనును చేతితో రెండు పూర్తి చుట్లు త్రిప్పి, మరల కొలిచిన తరువాతనే కవరు మూయుము. ఆ కవరుకు కొత్త గాస్కెట్ వేయుట మేలు. ఒక సాయంకాలపు పని ఇది. గేజి వెల స్టార్టరు వెలలో అణుమాత్రము. ఇంత జేసినను ఇంజను సగములో ఆగినచో అప్పుడు స్టార్టరును అనుమానింపుము.

రోగము పోయినంతమాత్రమున పోషణ అక్కరలేదని యెంచకుము. ఈ ఇంజనుకు నీటితో చల్లబరచు ఏర్పాటు లేదు. గాలియు, ఆయిలును మాత్రమే దానిని కాపాడును. కారులోని ఇంజనుకు నాలుగైదు లీటర్ల ఆయిలు ఉండగా, ఆ 31 శ్రేణి ఇంజనులోనుండునది 48 ఔన్సులు, అనగా లీటరున్నర లోపు. అంత కొంచెము ఆయిలు, మండువేసవిలో, ధూళిలో, గంటల తరబడి పనిచేయుచుండగా, దాని స్థాయిని ప్రతి కోతకు ముందును చూడకుండుట అపచారము. బండిని చదునైన నేలపై నిలిపి, కొలతకాడను తుడిచి, పూర్తిగా లోనికి దించి చూడుము. గీతకు పైన పోసినను కీడే: పొంగి, నురుగై, శ్వాసనాళముగుండ కార్బురేటరులోనికి పోయి నీలిపొగ యగును. వేసవిలో, అనగా 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కు పైన, ఎస్.ఏ.ఇ. 30 తరగతి ఆయిలు తగియుండును. 10డబ్ల్యు-30 రకము చలిదినములలో ఇంజను ఎత్తుకొనుటకు అనుకూలమే గాని, ఎండలో అది త్వరగా తరుగును. యాబది గంటలకొకసారి, అన్ని గంటలు నడువకున్నను ఏటికొకసారి, ఇంజను గోరువెచ్చగా నున్నప్పుడు ఆయిలును దింపి మార్చుము. పాత ఆయిలును నేలపై పారబోయక, తీసికొను దుకాణములకు అప్పగింపుము. కొత్త ఫిల్టరు రబ్బరు వలయమునకు చుక్క ఆయిలు రాచి, అది తగిలిన పిమ్మట అర మొదలు ముప్పాతిక చుట్టు వరకు చేతితోనే బిగింపుము. పానాతో బిగించిన ఫిల్టరు మరుసారి ఊడిరాదు.

గాలి విషయములో నీవు మరింత జాగరూకుడవై యుండవలయును. పచ్చిక కోయుచున్నంతసేపు ఇంజను ధూళిమేఘములో ఊపిరి పీల్చుచుండును. ఆ ధూళిలోని ఇసుకరేణువులు సిలిండరు గోడను, పిస్టన్ రింగులను నిశ్శబ్దముగా అరగదీయును. ఒకసారి అరిగిన సిలిండరును బాగుచేయుటకగు వ్యయము పాత బండి వెలను మించును. లోపలి కాగితపు ఫిల్టరును గాలిగొట్టముతో ఊదకుము. కంటికి కనబడని చీలికలు పడును. మెల్లగా తట్టి దులుపుము, మసిబారినచో మార్చుము. దానిపై స్పాంజి తొడుగు ఉన్నచో ఇరువది యైదు గంటలకొకసారి సబ్బునీటితో కడిగి, పూర్తిగా ఆరినపిదప తొడుగుము. కాగితపు ఫిల్టరు లేక స్పాంజి యొక్కటే యుండు పాత ఇంజనులలో దానికి ఆయిలు పట్టించుట కలదు; కాగితముపై నుండు తొడుగునకు ఆయిలు పట్టింపరాదని చాల కరదీపికలలో స్పష్టముగా వ్రాసియుండును. ఈ రెండింటిని కలిపి గందరగోళపడువారు పెక్కుమంది.

ఫ్లైవీలు పైనుండు జల్లెడగుండ గాలి లోనికి పోయి, కప్పు క్రిందనున్న లోహపు రెక్కలను తాకి వేడిని కొనిపోవును. పైనుండి చూచినప్పుడు శుభ్రముగానున్న ఇంజను, కప్పు విప్పి చూచినచో గడ్డిపొట్టుతో, ఒక్కొకప్పుడు ఎలుకగూటితో, ఊపిరాడక యుండును. ఏటికొకసారి ఆ కప్పును విప్పి, రెక్కల నడుమ గట్టిపడినదానిని కొయ్యపుల్లతోను బ్రష్షుతోను తీసివేయుము. నీటిగొట్టముతో ఇంజనును కడుగవలదు. నీరు విద్యుద్భాగములలోనికి చేరును. ఈ యొక్క పనిని అలక్ష్యము చేయుటచేత హెడ్ గాస్కెట్ కాలి, సిలిండరులోని ఒత్తిడి వాల్వు కడ్డీల అరలోనికి దూసికొనిపోయి, ఆయిలు తెరలుతెరలుగా పొగయైపోవుట ఆ 31 శ్రేణిలో తరచుగా జరుగునది. నీలిపొగ కనబడగనే రింగులు పోయినవని విలపింపక, మొదట ఆయిలు గీత దాటినదేమో, తరువాత ఈ గాస్కెట్ కాలినదేమో చూడవలయును. నల్లపొగయైనచో అది ఆయిలు కాదు, ఇంధనాధిక్యము: చోకు తెరచుకొనకుండుటయో, గాలి ఫిల్టరు మూసికొనిపోవుటయో కారణము.

పెట్రోలు పాతబడును. ఇచ్చట బంకులలో పోయు సాధారణ పెట్రోలులో పదింట ఒకవంతు వరకు ఇథనాలు కలిసియుండును. అది గాలిలోని తేమను ఆకర్షించును. నెలదినములు కదలకయున్న పెట్రోలు కార్బురేటరు గిన్నెలో జిగురుగా మారి, సూదిరంధ్రమంతటి దారులను మూసివేయును. కావున ఒక నెలకు సరిపోవునంతయే కొనుము. 87 ఆక్టేను చాలును, ఖరీదైనదానివలన ప్రయోజనము లేదు. ఇ-15, ఇ-85 అని వ్రాసియున్న గొట్టముల జోలికి పోవలదు. పది శాతమునకు మించిన ఇథనాలు ఈ ఇంజనులకు సరిపడదు. ఇంజను తిరుగుచున్నను అంటుకొనకున్నచో గిన్నె అడుగుననుండు సొలినాయిడును గమనింపుము. తాళము త్రిప్పినప్పుడు టక్కుమని చిన్న చప్పుడు వినబడవలయును. అంటుకొనని ఇంజనుపై ఈథరు చిమ్ము డబ్బాలను వాడువారిని చూచి అనుకరింపకుము. అది సిలిండరు గోడపై ఆయిలును కడిగివేయును, నిప్పు ప్రమాదమును తెచ్చును.

ఆ 31 శ్రేణిలో ప్లగ్గు సందు 0.030 అంగుళములు. దాని కొన లేతగోధుమ వన్నెలో నున్నచో ఇంజను ఆరోగ్యముగా నున్నదని, మసిగా నున్నచో ఇంధనము హెచ్చినదని, జిడ్డుగా తడిసియున్నచో ఆయిలు కాలుచున్నదని తెలియును. వెల స్వల్పము, ఏటికొకటి మార్చుము.

నడుపుటలో ఒక మాట. వేగమును నిర్ణయించు కాడ ప్రక్కన కుందేలు బొమ్మయు, తాబేలు బొమ్మయు ఉండును. ఇంజను మీద దయతో తాబేలువైపు ఉంచి కోయువారు దానికి కీడే చేయుచున్నారు. బ్లేడులు తిరుగునప్పుడు కాడ కుందేలువద్దనే యుండవలయును. ఫ్యాను ఆ వేగములోనే తగినంత గాలిని తోలును, బ్యాటరీయు ఆ వేగములోనే నిండును. నేలమీద మెల్లగా పోవలెనన్నచో పెడలును తగ్గింపుము, ఇంజనును కాదు. గవర్నరు స్ప్రింగును వంచి మరింత వేగము రాబట్టుమని ఎవరైన ఉపదేశించినచో వినకుము. లోపలి కనెక్టింగ్ రాడ్ విరిగినచో ఇంజను కథ ముగియును.

కాలనియమమును మన పండుగలతో ముడిపెట్టుకొనుము, మరపు రాదు. ఓహాయోలో పచ్చిక ఉగాది దాటినపిమ్మట పెరుగనారంభించును. ఆ పండుగకు బండిని వెలికి తీసి, ఎలుకగూడు చూచి, బ్యాటరీ నింపి, బ్లేడులు సానబెట్టుము. మహర్నవమినాడు మనవారు కొడవలికి, నాగలికి, కార్ఖానాలో లేతు యంత్రమునకు పసుపుకుంకుమలు పెట్టి ఆయుధపూజ చేయుదురుగదా. ఆ దినమున నీ ఇంజనుకు ఆయిలు మార్చి, కప్పు విప్పి రెక్కలు శుభ్రపరచి, ఆ పిమ్మట బొట్టు పెట్టుము. శుభ్రపరచుటయే పూజలో ముఖ్యాంగమని నా దృఢవిశ్వాసము. దీపావళి దాటి చివరి కోత ముగిసినతోడనే పెట్రోలులో స్టెబిలైజరు కలిపి, అది కార్బురేటరువరకు చేరునట్లు కొన్ని నిమిషములు ఇంజనును నడిపి, ఇంధనపు కుళాయిని మూసి, బ్యాటరీని విప్పి ఇంటిలోపల నుంచుము. షెడ్డు తలుపు మూసి ఇంజను నడుపరాదు. ఆ పొగలోని విషవాయువునకు రంగుగాని వాసనగాని లేదు.

చివరకు అన్నింటికంటె ముఖ్యమైనది. కోత పళ్లెము క్రింద చేయిపెట్టుటకు ముందు తాళము తీసి, ప్లగ్గు తీగను విప్పి దూరముగా వంచి ఉంచుము. అనుకొనకుండ ఇంజను అంటుకొనకుండుటకే ఈ జాగ్రత్త. ఆసనమునుండి లేవగనే ఇంజనును ఆపు స్విచ్చును, అది చిరాకు పెట్టుచున్నదని, తీగలు కలిపి నిరర్థకము చేయువారున్నారు. నీ బండిలో పూర్వపు యజమాని అట్లు చేసియున్నాడేమో ఈ రోజే చూచి సరిచేయుము. నీ కుమారుడు బండియెక్కవలెనని మారాము చేయుచున్నాడని చెల్లెలు చెప్పినది. వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఒక్క చుట్టైనను తిప్పకుము. ఈ దేశపు బాలవైద్యుల సంఘము పదునారేండ్లు నిండనివారు ఈ బండి నడుపరాదనియు, ప్రయాణికులుగా పిల్లలను ఎక్కింపరాదనియు స్పష్టముగా చెప్పుచున్నది. నీవు కోయునంతసేపు పిల్లవాడు ఇంటిలోపల, తలుపు వేసియుండవలయును.

స్టార్టరు కొనుటకు ముందు ఆ మూడు సంఖ్యలను వ్రాసి పంపుము.

ఇట్లు,
ఆశీర్వదించు నీ మామయ్య.